ఇద్దరికీ తెలియని ప్రశ్న

బెహరా జగన్నాథం మాస్టారిని ఏదైనా అడిగితే ఆయన జవాబు చెప్పరు, పని చెబుతారు. విశాఖపట్నంలో ముప్పయ్యేళ్లు పాలిటెక్నిక్ పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఇప్పటికీ శనివారం పొద్దున్నే ఆయన డాబా మీద పాత శిష్యులం చేరతాం. ఒకప్పుడు నేను, ప్రోగ్రాం మరీ పెద్దదైపోతే దాన్ని ఎలా విడగొట్టాలని అడిగిన పాపానికి, నాచేత ఆయన ఇనప్పెట్టెలాంటి బీరువాను కింది వాటాలోంచి పై వాటాలోకి మోయించారు. మెట్ల మలుపులో పట్టక తలుపులూ అరలూ ఊడదీసి మోశాను. జవాబు ఆ రోజే అర్థమైంది, నడుం నొప్పి మాత్రం మూడు వారాలుంది. అప్పటినుంచి నేను ప్రశ్నలడగడం మానేశాను. శాంభవి మానలేదు.

శాంభవి నాకంటే పన్నెండేళ్లు చిన్నది, మాస్టారి దగ్గర నాకంటే చాలా వెనక చదివింది. అయినా కంపెనీ పెట్టింది ఆవిడ, అందులో జీతానికి పనిచేస్తున్నది నేను. ఆఫీసులో నన్ను శేషగిరి గారూ అంటుంది, డాబా మీద అన్నయ్యా అంటుంది, కోపమొస్తే రెండుచోట్లా ఏమీ అనదు. ఆ శనివారం నన్నేమీ అనకుండానే వచ్చి మాస్టారి ఎదురుగా కూర్చుంది.

"మాస్టారూ, మా దగ్గర ఒక్క ఉద్యోగం ఖాళీ ఉంది. మూడొందల మందికి ఆన్‌లైన్లో కోడింగ్ పరీక్ష పెట్టాం. తొంభై నిమిషాల పరీక్ష. పొట్నూరు ఉమాపతి అని ఒకతను యాభై నిమిషాల్లో అన్నీ రాసేసి ఫస్టొచ్చాడు. నిన్న ఇంటర్వ్యూకి పిలిస్తే నోరు విప్పలేదు. పరీక్షేమో తీసుకోమంటోంది, ఇంటర్వ్యూ వద్దంటోంది. సోమవారం పొద్దున అతనికి ఏదో ఒకటి చెప్పాలి. మనిషిని తెలుసుకోవడానికి ఈ రెండింట్లో దేన్ని నమ్మమంటారు?"

ఆ ఇంటర్వ్యూ చేసింది నేనే. దాచడమెందుకు, బాగా చేశానని కూడా అనుకున్నాను. నేను అడిగినవన్నీ గట్టి ప్రశ్నలు, ఒక్కొక్కదానికి జవాబు నాకు నిద్రలో లేపినా వచ్చు. ఉమాపతికి ముప్పై నాలుగేళ్లుంటాయి, సన్నగా, ఇస్త్రీ చొక్కాలో బిగుసుకుపోయి కూర్చున్నాడు. మొదటి ప్రశ్నకు గ్లాసుడు మంచినీళ్లు తాగాడు. రెండో ప్రశ్నకు ఇంకో గ్లాసు. మూడో ప్రశ్నకు బాత్రూం ఎక్కడండీ అని అడిగాడు. ముప్పావుగంటలో అతను పూర్తిగా చెప్పిన వాక్యం అదొక్కటే. ఏ చుట్టమో పక్కన కూర్చుని పరీక్ష రాసిపెట్టి ఉంటాడని నేను తేల్చేశాను, మాస్టారి ముందూ అదే అన్నాను.

"పోయేటప్పుడు లిఫ్టు దగ్గర నాతో మాట్లాడాడు అన్నయ్యా," అంది శాంభవి. ఆవిడ ముఖం చూస్తే ఆ మాటలు రాత్రంతా మోసిందని తెలుస్తూనే ఉంది. "పాత కంపెనీ మూతపడి ఎనిమిది నెలలైందిట. మాది పన్నెండో ఇంటర్వ్యూట. ఇదీ పోతే సోమవారం నుంచి బావమరిది టైల్స్ షాపులో కూర్చుంటానని ఇంట్లో మాటిచ్చాడుట. 'టైల్స్ మంచి వ్యాపారమే మేడం, కానీ నాకు ఈ పనంటేనే ప్రాణం' అన్నాడు. ఆ మాత్రం నీ దగ్గర మాట్లాడలేకపోయాడేం?"

మాస్టారు కుండీలకు నీళ్లు పోస్తున్నారు. చెంబు కింద పెట్టి అడిగారు. "ఆ అబ్బాయికి తెలియనిది, మీకూ తెలియనిది ఏదైనా ఉందా మీ ఆఫీసులో?"

శాంభవీ నేనూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఇద్దరి నోటా ఒకేసారి వచ్చింది, బస్టాండు అని.

ఆ ఊరి పేరు చెప్పను, అక్కడివాళ్లకు మామీద ఉన్న కోపం చాలు. సాలూరుకూ మక్కువకూ బస్సులు వెళ్లే ఒక చిన్న ఊరు. అక్కడి బస్టాండులో బస్సుల పేర్లు మైకులో చెప్పే ప్రోగ్రాం మేం రాసిందే. బస్సులు పంపే కంట్రోలర్, తెర మీద బస్సు పేరు నొక్కితే చాలు. ముందు గంట మోగుతుంది, తర్వాత ఒక తియ్యటి ఆడగొంతు ప్రయాణికులకు స్వాగతం చెప్పి, బస్సు పేరూ ప్లాట్‌ఫారం నంబరూ చెప్పి, మీ ప్రయాణం సుఖప్రదం కావాలని కోరుకుంటుంది. అంతా కలిపి నలభై సెకన్లు. ఆ స్వాగతం ముక్క నేనే రాశాను. మా ఆఫీసులో అది గడియారంలా పనిచేసింది. బస్టాండులో పెట్టిన మర్నాటినుంచి ప్రతి బస్సు పేరూ మూడేసిసార్లు చెప్పడం మొదలుపెట్టింది. పొద్దున రద్దీవేళ ఒకదాని వెనక ఒకటి పేరుకుపోయి, మక్కువ బస్సు వెళ్లిపోయిన పావుగంటకు మక్కువ బస్సు సిద్ధంగా ఉందని చెప్పేది. కంప్యూటర్లో నమోదైన లెక్క చూస్తే ప్రతి బస్సుకూ మూడు నొక్కులు. మౌసు చెడిపోయిందనుకున్నాం. నాలుగు నెలల్లో నాలుగు మౌసులు మార్చాం. కంట్రోలర్ దాలినాయుడుగారికి నేనే స్వయంగా ఫోను చేసి, బటన్ రెండుసార్లు నొక్కుతున్నారా అని అడిగాను. "లేదండీ బాబూ, ఒట్టు, రెండుసార్లు ఎప్పుడూ నొక్కలేదు" అన్నాడు. ఇక దిక్కు తోచలేదు.

"రేపు ఆదివారమే కదా," అన్నారు మాస్టారు. "ఆ అబ్బాయిని అక్కడికి రమ్మను. మనమూ వెళ్దాం. బస్సెక్కి చాలా రోజులైంది."

మర్నాడు ఎనిమిదిన్నరకల్లా బస్టాండులో ఉన్నాం. ఉమాపతి మాకంటే ముందే వచ్చి, అదే ఇస్త్రీ చొక్కాతో, మంచినీళ్ల సీసా చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. నన్ను చూడగానే సీసా మూత తీశాడు. నాకు జాలీ వేసింది, చిరాకూ వేసింది. మాస్టారు వేరుశనక్కాయల పొట్లం కొనుక్కుని, ఒక బెంచీ చూసుకుని, చాలా ఏళ్ల తర్వాత సినిమాకొచ్చినవాడిలా కాళ్లు చాపుకుని కూర్చున్నారు. ఇక సాయంత్రందాకా ఆయన సహాయం ఉండదని నాకు అప్పుడే తెలిసిపోయింది.

సమస్య ఇదీ అని నేను ఉమాపతికి వివరించాను. వివరించడంలో నాకు తిరుగులేదు. సౌండు కార్డు గురించీ, కరెంటు హెచ్చుతగ్గుల గురించీ అరగంట చెప్పాను. అతను కళ్లప్పగించి విన్నాడు. చివరికి లాప్‌టాప్ తెరిచి, చూడొచ్చాండీ అన్నట్టు శాంభవి వైపు చూశాడు. ఆవిడ ప్రోగ్రాం ఇచ్చింది. ఆ తర్వాత చూడాలి ఆ వేళ్లు! పరీక్ష ఎవరో రాసిపెట్టారన్న నా అనుమానం పది నిమిషాల్లో ఎగిరిపోయింది. ఒకే బస్సును ఐదు నిమిషాల్లోపు మళ్లీ నొక్కితే ఆ నొక్కును పట్టించుకోనక్కర్లేదని నాలుగే వరసల్లో రాసి, సరిచూసి, తెచ్చి పెట్టాడు. అంత శుభ్రమైన కోడు నేను రాసి ఎన్నేళ్లయిందో. మనసులో కుళ్లుకున్నానని కూడా ఒప్పుకుంటాను.

పెట్టిన మరుక్షణం నుంచి ప్రతి బస్సు పేరూ ఒక్కసారే, వేళకు తగ్గట్టు పలికింది. శాంభవి ముఖం వెలిగింది. పరీక్షే గెలిచిందని ఆవిడ నావైపు చూసిన చూపు చెప్పింది. ఆ సంబరం ఎంతసేపు? మక్కువ బస్సు పేరు పలికింది. ఎవరూ లేవలేదు. డ్రైవరు హారన్ కొట్టి, సగం ఖాళీ బస్సుతో బయల్దేరిపోయాడు. అప్పుడు లేచారు జనం! సంచులతో, చంకలో పిల్లలతో, ఒకాయన చేతిలో కోడిపుంజుతో, ఆపండాపండని గేటుదాకా పరుగు. లోపల గదిలో దాలినాయుడుగారు బటన్ టకటకా నొక్కుతున్నాడు, మెషిన్ ఉలకదు పలకదు. సాలూరు బస్సుకూ అదే జరిగింది. దాంతో ఆయన మౌసును బల్లకేసి కొట్టి, అటక మీంచి పాత చేతిమైకు దింపి, గదిలోంచి బయటికొచ్చి కేకేశాడు.

"ఏటండీ ఇది! ఇన్నాళ్లూ ఆగకుండా వాగింది, ఇప్పుడు మూగదైపోయింది! మీకు దండం పెడతాను, మీ పెట్టె మీరు పట్టుకుపోండి!"

బస్సు తప్పిన వాళ్లు కూడా మా చుట్టూ చేరారు. కోడిపుంజాయన అన్న మాటలు ఇక్కడ రాయలేను. శాంభవి అందరికీ క్షమాపణలు చెబుతోంది. మాస్టారు వేరుశనక్కాయ వలుచుకుంటూనే ఉన్నారు.

ఉమాపతి ముఖం పాలిపోయింది. ఎనిమిది నెలలు ఎదురుచూసి చివరికి ఇలా తగలబెట్టుకున్నాననే బాధ ఆ ముఖంలో కనబడుతూనే ఉంది. సీసా మూత తీశాడు, తాగలేదు, మళ్లీ పెట్టేశాడు. నెమ్మదిగా నా దగ్గరికొచ్చాడు.

"తప్పు నాదే సార్. కోడు సరిగ్గానే ఉంది, కానీ ఇక్కడేం జరుగుతోందో నాకు అర్థం కావట్లేదు. మీకేమైనా తెలుసా సార్?"

ఇరవయ్యేళ్లుగా ఇంటర్వ్యూలు చేస్తున్నాను, నన్ను ఎదురు ప్రశ్న అడిగినవాడు లేడు. సౌండు కార్డు అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. కోడిపుంజాయన నా ముఖంలోకే చూస్తున్నాడు. సిగ్గేసింది, ఆ మాట మింగేశాను.

"నాకూ తెలీదయ్యా," అన్నాను. "నాలుగు నెలలుగా తెలీదు."

ఆ మాటతో అతని బిగువంతా సడలిపోయింది. బెంచీ మీద నా పక్కనే చతికిలబడ్డాడు. సార్ అనడం కూడా మరిచిపోయాడు. "అయితే ఒకటి చెప్పండి. మీరు నాలుగు మౌసులు మార్చారు కదా. నాలుగింటికీ మూడే నొక్కులు పడ్డాయి. ఒకసారైనా రెండో, నాలుగో ఎందుకు పడలేదు? చెడిపోయిన మౌసు లెక్కపెట్టుకుని నొక్కదు కదా!"

నాకు వీపు మీద చరిచినట్టయింది. "అంటే మనిషే నొక్కుతూ ఉండాలి. కానీ ఆయన ఒట్టేసి మరీ లేదన్నాడే!"

"మీరు ఏమని అడిగారు?"

"రెండుసార్లు నొక్కుతున్నారా అని."

ఉమాపతి నా వైపు చూశాడు. నేను అతని వైపు చూశాను. ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది. పక్కన మక్కువ బస్సు తప్పిన ముసలమ్మ ఒకావిడ మూట ఒళ్లో పెట్టుకుని కూర్చుని, మా నవ్వు చూసి మండిపడింది. "నవ్వండి నాయనా, నవ్వండి. నా బస్సెల్లిపోనాది, మీకు నవ్వులాటగా ఉంది."

ఉమాపతి ఆవిడ వైపు తిరిగాడు. మొన్న ఇంటర్వ్యూలో నోరు పెగలని మనిషి, సొంత మేనత్తతో మాట్లాడినట్టు మాట్లాడాడు. "పొరపాటైపోయింది అమ్మమ్మా, నావల్లే. మక్కువ బస్సని చెప్పినప్పుడు వినబడలేదా?"

"ఎందుకినబడదు? సెవుడా నాకు?"

"మరి లేవలేదేం?"

"ఒకపాలి పిలిస్తే లెగిసిపోతారేటి ఎవులైనా? మొదటిది ఏ బస్సో తెలీడానికి. రెండోది మన మూట సూసుకోడానికి. మూడోదానికి లెగుస్తాం. నాయుడుబాబు మూడుపాలు పిలుస్తాడు, ఈ ఊళ్లో ఎవుల్నడిగినా సెబుతారు."

మేమిద్దరం లేచి గదిలోకి దాదాపు పరుగెత్తాం. దాలినాయుడుగారు మైకు పట్టుకుని "సాలూరు సాలూరు సాలూరూ" అని గొంతు చించుకుంటున్నాడు. మొత్తం పట్టుమని పది సెకన్లు కాలేదు, అరడజను మంది మూటలతో లేచి నిలబడ్డారు.

"నాయుడుగారూ," అన్నాను, ఈసారి జాగ్రత్తగా, "మీరు బటన్ ఎన్నిసార్లు నొక్కుతారు?"

"మూడుసార్లు." అడగడమే వింత అన్నట్టు చూశాడు. "ఇరవై రెండేళ్లుగా మూడుసార్లే పిలుస్తున్నాను. మైకైనా అంతే, మీ పెట్టైనా అంతే. ఫోను చేసి రెండుసార్లా రెండుసార్లా అనడిగారు. రెండుసార్లు నేనెందుకు నొక్కుతానండీ? రెండుసార్లు పిలిస్తే ఎవరొస్తారు?"

ఆయన మూడు పిలుపులకు పది సెకన్లు పట్టేది. మా తియ్యటి గొంతు ఒక్కో పిలుపుకు నలభై సెకన్లు తీసుకుని, మూడుసార్లు స్వాగతం చెప్పి, మూడుసార్లు సుఖప్రయాణం కోరుకునేది. తప్పు మౌసుది కాదు, కరెంటుది కాదు, ఆయనదీ కాదు. నా స్వాగతానిది. ఇంత చెప్పాక అది కూడా చెప్పకపోతే బాగుండదు.

తర్వాత గంటన్నర ఎలా గడిచిందో తెలీలేదు. దాలినాయుడుగారు కుర్చీలో కూర్చుని ఎలా పిలవాలో చెబుతుంటే, ఉమాపతి రాస్తున్నాడు, నేను వెనక నిలబడి తప్పులు పడుతున్నాను. నేను పట్టిన తప్పుల్లో రెండు నిజంగా తప్పులే, ఒకటి కాదు. కాదని ఉమాపతి నా ముఖం మీదే చెప్పాడు, ఎందుకు కాదో కూడా చెప్పాడు. నేను వాదించాను, ఓడిపోయాను, మళ్లీ ఇంకోచోట నేనే గెలిచాను. స్వాగతం నేనే స్వహస్తాలతో తీసేశాను. ఇప్పుడు ఒక్కసారి నొక్కితే చాలు, పేరు మూడుసార్లు పలుకుతుంది, పలికేసింది అని తెర మీద ఆకుపచ్చ గుర్తు పడుతుంది. దాలినాయుడుగారు ఆడగొంతు వద్దన్నాడు. ఉమాపతి ఫోనులోనే ఆయన గొంతు రికార్డు చేశాం. ప్రతి ఊరి పేరూ ఆయన మూడేసిసార్లు పలికాడు, బయట జనం అవి నిజం పిలుపులనుకుని రెండుసార్లు లేచి కూర్చున్నారు.

తర్వాతి మక్కువ బస్సుకు ఒక్క నొక్కే నొక్కాడు. "మక్కువ మక్కువ మక్కువా, మూడో ప్లాట్‌ఫారం" అని పెట్టె ఆయన గొంతుతో కేకేసింది. ముసలమ్మ మూటెత్తుకుని లేచి, మా ముందునుంచి ఠీవిగా నడిచి వెళ్లి కిటికీ పక్క సీటు పట్టుకుంది. దాలినాయుడుగారు కుర్చీలో వెనక్కి వాలి, తన గొంతు తానే వింటూ మీసం దువ్వుకున్నాడు. అందరికీ టీలు ఆయనే తెప్పించాడు.

టీ తాగుతూ శాంభవి సోమవారందాకా ఆగలేదు. "ఉమాపతి గారూ, రేపు తొమ్మిదిన్నరకు ఆఫీసుకు వచ్చేయండి. ఇంటర్వ్యూకి కాదు, పనికి" అంది. అతను టీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, దాచుకోవాలని కూడా అనుకోలేదు. తర్వాత పక్కకు వెళ్లి బావమరిదికి ఫోను చేశాడు. బస్టాండు సగం మందికి వినబడేంత గట్టిగా మాట్లాడాడు. "ఒరే చిన్నా, రేపు షాపుకి రాన్రా! లేదురా, ఒంట్లో బాగానే ఉంది! మీ అక్కకివ్వు ఫోను!" రెండు గ్లాసుల మంచినీళ్ల మనిషి ఇతనేనా అని నేను నోరు తెరుచుకుని చూశాను. ఇతన్ని వద్దన్నది నేనే కదా అని గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

తిరుగు బస్సులో మాస్టారు కిటికీ పక్కన కూర్చున్నారు, ఆయన పక్కన శాంభవి, వెనక సీట్లో నేను. ఊరు దాటేదాకా ఆగి శాంభవి అడిగింది. "మాస్టారూ, నా ప్రశ్న అలాగే ఉండిపోయింది. అతను రాసిన కోడు తప్పులేకుండా ఉంది, అయినా అల్లరి పాలయ్యాం. అన్నయ్య ఫోనులో సరైన మనిషినే అడిగాడు, అయినా ఏమీ తెలుసుకోలేకపోయాడు. రేపు ఇంకో ఖాళీ వస్తే నేను పరీక్ష పెట్టాలా, ఇంటర్వ్యూ చేయాలా?"

మాస్టారు పొట్లం అడుగున మిగిలిన గింజలు ఏరుకుంటున్నారు. ఇక లాభం లేదని నేనే ముందుకు వంగాను.

"నా ఇంటర్వ్యూ తప్పని ముఖం మీదే చెప్పేయండి మాస్టారూ. పడతాను."

ఆయన వెనక్కి తిరిగి నన్ను చూశారు.

"తప్పెందుకవుతుందయ్యా శేషగిరీ? ఇవాళ చక్కగా జరిగింది," అన్నారు. "ఇద్దరూ పాసయ్యారు."